కమలవేణి పిస్టల్‌కు పెట్టిన బొట్టు

తమిళనాడులోని ధర్మపురి బజారు వీధిలో స్టీలు పాత్రల అంగడి నడిపే కమలవేణి ఏ వస్తువునూ కొన్నది కొన్నట్టు వాడదు. కొత్త కుక్కరు ఇంటికొస్తే దాని పిడికి గుడ్డపీలిక చుట్టాల్సిందే. స్కూటరు కొన్న వారానికే సీటు మీద పాత దిండు వేసి కుట్టించింది. అంగట్లో తాను కూర్చునే కుర్చీకి ముందుకాళ్లు రెండూ కాస్త కోయించింది. అలా ముందుకు వాలితే గల్లాపెట్టె చేతికందుతుందట. ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా జారి కింద పడతారు, అది వేరే సంగతి.

ఇక కోడలు రంజని చారు పోస్తే, నోట పెట్టకముందే ఉప్పుడబ్బా మూత తీస్తుంది.

"ఒకసారి తాగి చూసి వేసుకోండి అత్తా," అనేది రంజని.

"చూసేదానికేముంది? తగ్గే ఉంటుంది," అనేది కమలవేణి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. అలాంటి మనిషి పోయి పోయి, దేనికీ చెయ్యి పెట్టకూడదన్న ఆటలో ఇరుక్కుంది.

అందుకు కారణం కోడలే. కాలేజీలో ఎన్‌సీసీలో తుపాకీ పట్టిన రంజని, పెళ్లయ్యాక పాపారపట్టి దారిలో పాడుబడిన రాతి క్వారీలో నడిచే షూటింగ్ క్లబ్బులో చేరింది. ప్రతి ఆదివారం ఈ పిల్ల ఎక్కడికి పోతున్నదో చూద్దామని కమలవేణి ఒకసారి వెంటపడింది. నిఘాకని పోయిన మనిషి, మధ్యాహ్నానికి పిస్టల్ పట్టుకుని వరుసలో నిలబడింది. అక్కడివన్నీ గాలి పిస్టళ్లు. బెల్లు మోగగానే నడుముకున్న ఒరలోంచి పిస్టల్ తీయాలి, అడ్డుగోడల నడుమ నడుస్తూ చిన్న ఇనుప పలకల్ని పడగొట్టాలి. తక్కువ సమయంలో, గురి తప్పకుండా ముగించినవాళ్లదే గెలుపు. ఏళ్ల తరబడి బేరగాళ్లను గబగబా తేల్చి పంపిన కమలవేణికి ఆ ఆట చేతికి అతికినట్టు సరిపోయింది.

సరిపడనిది నియమాలే. ఆ క్లబ్బులో రెండు తరగతులున్నాయి. కంపెనీ తరగతిలో పిస్టల్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. గురి చూసే మొనకు రంగు వేసుకోవచ్చు, అరిగిన స్ప్రింగు తీసి అదే కంపెనీ స్ప్రింగు వేసుకోవచ్చు, అంతే. పిడికి టేపు గాని రబ్బరు గాని పూత గాని తగలకూడదు. బరువు కలపకూడదు. ట్రిగ్గర్ జోలికి పోకూడదు. వీటిలో ఏది చేసినా ఓపెన్ తరగతికి తోస్తారు. అక్కడ ఏం చేసుకున్నా అడిగేవాడు లేడు. ఎర్రచుక్క కనబడే గురి అద్దాలు బిగించుకుని హోసూరు నుంచి వచ్చే కుర్రాళ్లదే ఆ రాజ్యం. పోటీకి ముందు ప్రతి పిస్టల్‌నూ తూచి, తడిమి, ఏ తరగతో తేల్చేది రంజని. ఇంట్లో అత్త కోడలి చారును తనిఖీ చేస్తే, క్వారీలో కోడలు అత్త పిస్టల్‌ను తనిఖీ చేసేది. ఇంతకంటే సరైన తూకం ఎక్కడుంటుంది?

మొదటి ఏడు కమలవేణి పిడికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి దొరికిపోయింది. మరుసటి ఏడు చేపల వలకు కట్టే సీసపు గుండు ఒకటి పిడి లోపల ఇరికించింది. తూకంలో అదీ బయటపడింది.

"ఇది మన అంగడి నుంచి తెచ్చిన తక్కెడే అత్తా," అంది రంజని. "అబద్ధం చెప్పదు."

రెండుసార్లూ కంపెనీ తరగతి కప్పు విశ్వనాథన్‌కే పోయింది. ఆయన ఎదురంగడి ఆసామి, కమలవేణికి వరసకు బావ. ఆ కప్పుల్ని తన అంగట్లో సరిగ్గా కమలవేణి కుర్చీకి ఎదురుగా పెట్టాడు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే వాటిని తుడిచేవాడు, ఆమె వచ్చి కూర్చున్నాక ఇంకోసారి తుడిచేవాడు. ఆ కప్పు ఒక్కటి తన అంగట్లోకి వస్తే చాలనుకుంది కమలవేణి. ఆమెకు వేరే కోరిక లేదు.

"ఈసారి దాని మీద చెయ్యే పెట్టను," అని ప్రమాణం చేసింది. చేతుల దురద తనకు తెలుసు కాబట్టి, సాధన అయిన వెంటనే పిస్టల్‌ను రంజనికి ఇచ్చి బీరువాలో పెట్టి తాళం వేయించేది. నెలల పాటు దానికి దారం పోగు కూడా చుట్టలేదు. అది ఆమెకు ఉపవాసం కంటే కష్టమైంది.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు అంగట్లో ఊపిరాడనంత జనం. దాంతో ఇంట్లో పూజను మొదటిసారి కోడలికి అప్పగించింది. తక్కెడ, కత్తిపీట, స్కూటరు, పిస్టల్ అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టాలి. ఆ ఇంట్లో ఒక ఆచారముంది. పూజలో పెట్టిన బొట్టును చేత్తో తుడవరు, దానంతటది రాలిపోయేదాకా ఉండాల్సిందే. తుడిస్తే వ్యాపారాన్ని తుడిచినట్టే అంటారు. పాత తక్కెడ మీదైతే ఏళ్ల నాటి చందనం పొరలు పొరలుగా ఉంది. పూజైతే అప్పగించింది గాని, కమలవేణికి మనసాగితేనా? అంగట్లోంచి ఫోన్ చేసింది.

"సందనంలో కొంచెం బియ్యప్పిండి కలుపు పాపా. సుమ్మా అట్లే పెడితే రాలిపోతుంది."

రంజని కలిపింది. తొలిసారి చేస్తున్న పూజ కదా, అన్నిటికీ ధారాళంగా పెట్టింది. పిస్టల్ పిడికైతే రెండు వైపులా దట్టంగా అద్ది, మీద కుంకుమ పెట్టింది. అక్కడ ఆమె అత్తవారింటి కోడలే తప్ప క్లబ్బు తనిఖీదారు కాదు. పిడికి పూత తగలకూడదన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

తర్వాతి ఆదివారమే పోటీ. తనిఖీ బల్ల మీద కమలవేణి పిస్టల్ పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. తూకం సరిపోయింది. ట్రిగ్గర్ సరిపోయింది. రంజని బొటనవేలు పిడి మీదికి పోయి ఆగిపోయింది.

"ఏమి రంజనీ, నిలబడిపోయినావు?" అన్నాడు వెనకాల ఉన్న విశ్వనాథన్.

"బొట్టు ఉంది మామా."

"ఉంటే మంచిదే కదా. మేమూ పెట్టినాము. మాది రాలిపోయింది." ఆయన వంగి పిడిని వేలితో రుద్ది చూశాడు. "ఇది రాలలేదే. చెక్కకు రుద్దే ఉప్పుకాగితం మాదిరి గరగరమంటాది. చెమట చేతికి పట్టు ఎంత బాగుంటుందో. పూత పూతే కదమ్మా. ఎవరు పూసినారు దీన్ని?"

రంజని మొహం ఎర్రబడింది. "నేనే. బియ్యప్పిండి కలిపి పెట్టాను."

"బియ్యప్పిండి కలపమని చెప్పిందెవరు?"

"నేనే," అంది కమలవేణి. క్వారీ అంతా నవ్వింది. పిస్టల్‌కు చెయ్యి పెట్టనన్న మనిషి ఫోన్లో చెయ్యి పెట్టింది మరి.

రంజని మాత్రం నవ్వలేదు. తడిగుడ్డ తెచ్చి అత్త చేతిలో పెట్టింది. "రూలు రూలే అత్తా. బెల్లు కొట్టే లోపల తుడిచేస్తే మళ్లీ చూసి కంపెనీ తరగతికే రాస్తాను. తుడవకపోతే ఓపెన్."

కమలవేణి గుడ్డ అందుకుంది. కప్పు కళ్ల ముందు కనబడింది, దాని వెనక విశ్వనాథన్ మొహం కూడా కనబడింది. ఒక్క తుడుపు చాలు. పిడి కేసి చూసింది. కుంకుమ కొంచెం పక్కకు పోయింది. తొలిసారి పెట్టిన చెయ్యి కదా. ఆ ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా, ఆ పిల్ల చేసిన పనుల్లో తాను మళ్లీ సరిచేయనిది ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. ఏదీ తోచలేదు. కమలవేణికి సిగ్గేసింది.

గుడ్డను మడిచి బల్ల మీద పెట్టేసింది. "నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉండనీ. ఓపెన్ అని రాయి."

"కప్పు పోతుంది అత్తా."

"పోనీ. ఎన్నిసార్లు తీసుకుపోయినా బావ అంగట్లో నా కుర్చీకి ఎదురుగానే కదా ఉండేది."

అద్దాల పిస్టళ్ల కుర్రాళ్ల మధ్య, బొట్టు పెట్టుకున్న పిస్టల్‌తో కమలవేణి ఆడింది. ఓపెన్ తరగతిలో అందరికంటే కింద మిగిలింది. కానీ ఆమెకు పట్టిన సమయం, కంపెనీ తరగతిలో గెలిచిన విశ్వనాథన్ సమయం కంటే తక్కువ. అది బోర్డు మీద అందరికీ కనబడేలా ఉంది. కప్పు అందుకుంటూ ఆయన ఆ బోర్డు వైపే చూశాడు.

"కప్పు మొహం మా పక్కకే తిప్పి పెట్టు బావా," అంది కమలవేణి. "దినమూ చూసుకోవాల."

కప్పు రానందుకు ఆమెకు నిజంగానే బాధగా ఉంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంది. రంజని చారు పోసి, అలవాటు ప్రకారం ఉప్పుడబ్బా పక్కన పెట్టింది. కమలవేణి చెయ్యి మూత మీదికి పోయింది. అక్కడే ఆగి, వెనక్కొచ్చింది. ముందు ఒక ముద్ద తిన్నది.

"ఉప్పు తక్కువ," అంది.

"వేసుకోండి అత్తా."

"వద్దు. కంపెనీ నుంచి ఎట్ల వచ్చిందో అట్లే తింటాను."

రంజనికి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. కమలవేణి కంచం ముందుకు జరిపి, ఇంకో గరిటె పోయమంది.