తొమ్మిదిన్నర గుమాస్తా

ఆఫీసులో ఆ గుమాస్తాని అందరూ తొమ్మిదిన్నర అనే పిలుస్తారు. పదింటికొచ్చినా, పదిన్నరకొచ్చినా హాజరు పుస్తకంలో అతను రాసేది అదే. ముందు చెమట తుడుచుకుంటాడు, కళ్లజోడు సవరించుకుంటాడు, గోడ గడియారానికి వీపు పెట్టి, ముత్యాల్లాంటి అంకెలతో 9.30 అని రాసి సంతకం గిలుకుతాడు. ఇరవై రెండేళ్లుగా ఏ అధికారీ ఇదేమిటని అడగలేదు. వాళ్లు రాసేదీ అదే మరి. కొత్తగా వచ్చిన మేడమ్ మాత్రం నిన్న వస్తూనే, "9.47. ఆలస్యం నాదే" అని రాశారు. ఆ పుస్తకంలో వచ్చిన వరసలోనే రాయాలి. పదింటికొచ్చిన గుమాస్తా అలవాటు కొద్దీ ఆ 9.47 కిందే తన 9.30 పెట్టాడు. మేడమ్ చూశారు, ఒక్క మాటా అనలేదు. "నాలుగు చివాట్లు పెడితే దులుపుకుని పోయేవాణ్ణి కదయ్యా!" అని ముసలి ప్యూన్ దగ్గర వాపోయాడు.

ఇవాళ గుండీలు పెట్టుకుంటూనే ఇంట్లోంచి పరుగు తీశాడు. "ఏంటండీ, ఆఫీసేమైనా తగలబడుతోందా?" అంది భార్య. అతను చేరేసరికి సరిగ్గా తొమ్మిదిన్నర. కలం తీసి, ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా రాస్తున్న అంకె ఇవాళ నిజమంటే నమ్మేదెవరు?

"రాయరేంటి సార్?" అన్నాడు ప్యూన్.

"ఉండవయ్యా!" అంటూ మొదటిసారి గడియారం వైపు తిరిగి, ముల్లు రెండు నిమిషాలు కదిలేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. అప్పుడు 9.32 అని రాసి, పక్కన శ్రద్ధగా చేర్చాడు: "ఆలస్యం నాదే."