పగటిపూట తీసిన రక్తం

ప్రజాధనంతో సాగే వైద్య పరిశోధనపై తనిఖీ బిగిస్తే పరిశోధకుల స్వేచ్ఛ పోతుందని కొందరు పెద్దలు ఈమధ్య వాపోతున్నారు. తనిఖీ సడలినప్పుడు ఎవరికి ఏమి పోయిందో నేను కళ్ళారా చూశాను. అందుకే దీనిని కాగితం మీద పెట్టక తప్పదు.

పంతొమ్మిది వందల డెబ్బైల నడుమ నేను విజయవాడలో ఒక కళాశాలలో జంతుశాస్త్రం బోధించేవాడిని. కంకిపాడు దాపున ఒక పల్లెలో కేంద్రం పెట్టి బోదకాలు వ్యాధిపై పరిశోధన సాగిస్తుండేవారు. దానికి గ్రాంటు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఒక తనిఖీ సంఘాన్ని పంపుతూ, స్థానిక సభ్యునిగా నన్ను వేసింది. నా పేరు సూచించినది ఎవరో కాదు, ఆ పరిశోధన నడిపే డాక్టరుగారే. సంఘాధ్యక్షుడు ఆయనకు చదువు చెప్పిన గురువు. తనిఖీకి లోబడవలసినవాడే తనిఖీదారులను ఏరుకోవడంలోని అక్రమం ఆనాడు నాకు తోచలేదు. గౌరవం దక్కిందనుకొని ఇస్త్రీ చొక్కా తొడుక్కొని బయలుదేరాను.

అధ్యక్షులవారు ఉదయం రైలు దిగారు, సాయంత్రం రైలెక్కాలి. కనుక వారి ఎదుట రక్తం తీసి చూపడానికి పల్లెవారిని పది గంటలకే చర్చి ముందు వరుసగా నిలబెట్టారు. బోదకాలు పురుగు పగలు లోపల దాగి, రాత్రివేళ మాత్రమే వేలి రక్తంలోకి వస్తుంది. ఏటా నేను విద్యార్థులకు చెప్పే పాఠమది.

వరుసలో నాట్లు వేసే కూలి ఒకామె ఉన్నది. ఎడమ పాదం అప్పుడప్పుడే వాస్తున్నది. ఆ కేంద్రంలో ఇచ్చే మాత్రలు తప్ప ఆమెకు వేరే వైద్యం లేదు.

"ఇదేందండీ, రోజూ రేత్రిపూట గుచ్చేవోళ్ళు ఇయ్యాల పొద్దున్నే వచ్చారు? పెద్దోళ్ళొచ్చారు, పైకి రమ్మని పురుక్కి కూడా కబురెట్టారా?" అన్నది. వరుసంతా గొల్లుమన్నది.

నేను డాక్టరుగారిని పక్కకు పిలిచి అదే ప్రశ్న అడిగాను.

"ఇక్కడ కూడా పాఠమేనా మాస్టారూ! పెద్దాయన రాత్రిదాకా ఎక్కడుంటారండీ? పదండి, మా ఆవిడ విస్తళ్ళు వేసేసింది."

వెళ్ళాను. భోంచేశాను. భోజనానంతరం నివేదిక కోసమని డాక్టరుగారు చాపిన కాగితంపై అందరితోపాటు సంతకమూ చేశాను.

కొన్ని నెలలకు నివేదిక అందింది. పరీక్షించిన వారిలో ఒక్కరికీ పురుగు లేదట. డాక్టరుగారి పరిశోధన ఫలించి పల్లెలో వ్యాధి అంతరించిందట. కేంద్రం ఇక అనవసరమట. కింద నా సంతకం! ఆ పూటే సంస్థకు వివరంగా ఉత్తరం రాశాను. పగటి రక్తంతో తేల్చినది చెల్లదనీ, రాత్రి పరీక్ష మళ్ళీ చేయించాలనీ, నా సంతకం ఉపసంహరించుకొంటున్నాననీ.

జవాబు రాలేదు. డాక్టరుగారు మాత్రం మా స్టాఫ్‌రూముకు వచ్చారు. చేతిలో నా ఉత్తరమే ఉన్నది.

"సంజాయిషీ రాసి పంపమని దీన్ని నాకే పంపారండీ. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఆ సంజాయిషీ కూడా మీరే రాసిపెట్టకూడదూ? మీ ఇంగ్లీషు నాకెక్కడొస్తుంది!"

తోటి అధ్యాపకులు నవ్వారు. ఫిర్యాదును నిందితుని చేతికే అందించి, ఆయన చెప్పినదే తీర్పుగా ఫైలు మూసేవారు. దానికి ఆ సంస్థలో పెట్టుకున్న మర్యాదపూర్వకమైన పేరు 'అభిప్రాయ సేకరణ'. కేంద్రం మూతపడింది.

రెండేళ్ళ తరువాత ఆ పల్లెకు వెళ్ళాను. ఆనాడు వరుసను నవ్వించిన కూలామెకు వాపు మోకాలు దాటింది. బురదలో కాలు పెట్టలేక నాట్లు మానుకొన్నది.

"మా ఊళ్ళో జబ్బు లేదని రాశారంటగా పంతులుగారూ," అన్నది. "ఆ కాయితమేదో నా కాలికి కాస్త చదివి ఇనిపించండి."

తనిఖీదారులను పరిశోధకుడు ఎంచుకోరాదు. వారు అతని ఇంట భుజించరాదు. పరీక్ష వేళ వారి రైలును బట్టి కాక రోగాన్ని బట్టి ఉండాలి. ఫిర్యాదు మూడవ మనిషి చేతికి వెళ్ళాలి. ఇవి పరిశోధనకు సంకెళ్ళు అనేవారు ఆ కాలిని చూసి ఉండవలసింది.

జ్ఞాపకం మీదనే రాశాను. వ్యాధి విషయంలో గాని, నివేదిక మాటల్లో గాని, నా తప్పును తక్కువ చేసి చెప్పుకొన్న చోట గాని పొరపాటు కనిపిస్తే, తెలిసినవారు మొగమాటం విడిచి దిద్దవలసిందిగా కోరుతున్నాను.