తువ్వాలు కింద తెరుచుకున్న పిడికిలి

అది 1946 ఎండాకాలం. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి, మగవాళ్ల సర్జికల్ వార్డు. నేను నర్సు ట్రైనింగు ముగించి నాలుగేళ్లయింది. నాకు తెలియనిది లేదనుకునే వయసు. నేను వార్డులోకి వస్తే రోగులు మంచాల మీద సర్దుకుని కూర్చునేవాళ్లు. అది గౌరవమనుకుని మురిసిపోయేదాన్ని. నా నోటికి భయపడుతున్నారని చాలా కాలానికి గానీ అర్థం కాలేదు.

పుంగనూరు నుంచి మునెప్ప అనే పశువుల దళారిని తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. సంతలో ఒక కోడె బెదిరి పరుగు తీసింది, దాని పగ్గం ఇతని కుడిచేతికి చుట్టుకుపోయి ఉంది. విడిపించుకోలేకపోయాడు, అది చాలా దూరం ఈడ్చుకుపోయింది. నాటువైద్యంతో కొన్ని రోజులు గడిచి, మా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నల్లబడిపోయింది. డాక్టరమ్మ మోచేతి కింద జానెడు మిగిల్చి తీసేసింది. అలా మిగిలిన భాగాన్ని మేం స్టంప్ అంటాం. పుండు చక్కగా మానింది. నా డ్రెస్సింగు చూసుకుని నేనే ముచ్చటపడ్డాను.

కానీ మునెప్పకు నొప్పి తగ్గలేదు. అదీ స్టంప్‌లో కాదు, కోసి తీసేసిన చేతిలో.

"పిడికిలి బిగుసుకునే ఉండాదమ్మా. గోళ్లు అరచేతిలో దిగబడతాండాయి. ఆ పగ్గం ఇంకా నా చేతిలోనే ఉండాది" అనేవాడు.

నేను కట్టు విప్పి, కిటికీ వైపు తిప్పి చూపించేదాన్ని. "సూడప్పా, చెయ్యి యాడుండాది? లేని చేతికి గోళ్లు యాడివి?" అనేదాన్ని. పాపం, చూసేవాడు. చూసి తల ఊపి, మళ్లీ పళ్లు బిగించేవాడు. మార్ఫియా ఇంజెక్షన్ మరిగి నాటకమాడుతున్నాడని నేను డాక్టరమ్మకు చాడీ కూడా చెప్పాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

డాక్టరమ్మ నన్ను కసరలేదు, కూర్చోబెట్టి చెప్పింది. దీన్ని ఫాంటమ్ లింబ్ అంటారట. ఒంట్లోని ప్రతి భాగానికీ మెదడులో తనదంటూ ఒక చోటు ఉంటుందనీ, చెయ్యి పోయినంత మాత్రాన ఆ చోటు పోదనీ, కొందరికి చివరి నిమిషంలో చెయ్యి ఎలా ఉందో అలాగే నిలిచిపోతుందనీ చెప్పింది. దీనికి ఏం మందు ఇవ్వాలో తనకూ తెలియదంది.

మునెప్ప పక్క మంచం మీద గుర్రంకొండ నుంచి వచ్చిన రిటైరైన బడిపంతులు ఉండేవాడు. కాలు విరిగి కట్టుతో పడుకున్నా, వేదాంతానికి మాత్రం విరామం ఇచ్చేవాడు కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి పాము అబద్ధమే. కానీ వాడికి పట్టిన చెమట నిజమే కదమ్మా" అన్నాడు. అలాంటివాడికి దీపం చూపిస్తే భయం పోతుంది గదా, నేను పట్టపగలు చూపించినా ఈయన నొప్పి పోవడం లేదే అని అడిగాను. అదే తనకూ తెగడం లేదని పంతులు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో ఆయన మీద నాకు ఇష్టం కలిగింది.

మునెప్ప తిండి మానేశాడు. మోచేతి పైకంటా కోసేయమని డాక్టరమ్మను రోజూ బతిమాలేవాడు. కోసినా నొప్పి పోతుందన్న నమ్మకం లేదని ఆమె ఎంత చెప్పినా వినలేదు. మోచెయ్యి ఉంటే మడతలో పగ్గం ఇరికించుకోవచ్చు, మనవరాలిని ఎత్తుకోవచ్చు. అది పోతే ఆ పక్క ఉత్త భుజమే. చివరికి మనిషి చిక్కిపోవడం చూడలేక ఆమె సోమవారం ఆపరేషన్ పెట్టింది.

శనివారం మధ్యాహ్నం కుప్పం నుంచి గోవిందు వచ్చాడు. అతనూ పశువుల దళారే. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకుంటూ, ఒకే చోట కూర్చుని సద్ది తినేవాళ్లట. ఆపరేషన్ సంగతి, బిగుసుకున్న పిడికిలి సంగతి మునెప్ప నోటే విన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి మునెప్ప స్టంప్ మీద కప్పి, తన కుడిచెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

ఇది తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు సంతల్లో పశువుల ధర నోటితో చెప్పరు. నలుగురిలో గుట్టు దాగాలని, ఇద్దరు దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం చేసుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. పైనుంచి చూసేవాళ్లకు రెండు ముఖాలే కనిపిస్తాయి.

"చెప్పు మునెప్పా, ఎంతకిస్తావు?" అన్నాడు గోవిందు.

"యాల ఏడిపిస్తావప్పా? పిడికిలి తెరుచుకోదు."

"నీ చెయ్యి నాకు తెల్దా? బొటనేలు తియ్యి ముందు. నేను పట్టుకోనుండాను."

నేను గోవిందును వెళ్లగొడదామని రెండడుగులు వేశాను. పంతులు నా కొంగు అంచు పట్టి ఆపాడు. మునెప్ప నుదుట చెమట పట్టింది. కళ్లు గోవిందు ముఖం మీదే ఉన్నాయి. గోవిందు చాలదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఎగతాళిగా నవ్వుతున్నాడు, సంతలో ఎలా చేస్తాడో అచ్చం అలాగే. కాసేపటికి మునెప్ప భుజం ముందుకు వంగింది.

"కదిలిందప్పా" అన్నాడు. "బొటనేలు వచ్చింది."

ఒక్కో వేలే వచ్చింది. ఐదో వేలు వచ్చేసరికి మునెప్ప చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గోవిందూ ఏడ్చాడు. నేను మందుల ట్రే సర్దే నెపంతో అటు తిరిగాను.

ఆ సాయంత్రం డాక్టరమ్మతో కూర్చుని ఆలోచిస్తే నా పొరపాటు తెలిసింది. నేను రోజూ గుడ్డ విప్పి, చెయ్యి లేదని కంటికి సాక్ష్యం చూపించాను. మునెప్ప చెయ్యి మాత్రం ఇరవై ఏళ్లుగా కంటికి కనిపించకుండా పనిచేసిన చెయ్యి. గుడ్డ కప్పగానే దానికి తన పని గుర్తొచ్చింది. ఆ మాట పంతులుకు చెబితే ఎంత సంబరపడ్డాడో.

సోమవారం ఆపరేషన్ ఆగిపోయింది. గోవిందు తన తువ్వాలు నాకిచ్చి, వేళ్ల లెక్క నేర్పి కుప్పం వెళ్లాడు. ఆ తర్వాత రెండు వారాలు నేనే బేరగత్తెను. ఇంటికి ఎన్ని రోజుల్లో పంపాలన్నదే మా బేరం. నేను పది అంటే అతను నాలుగనేవాడు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. అప్పుడప్పుడు వచ్చేది, తువ్వాలు కప్పుకోగానే సర్దుకునేది. అన్నం మాత్రం రెండోసారి అడిగి తినేవాడు.

వెళ్లే రోజు నన్ను పిలిచి తువ్వాలు కప్పాడు.

"ఇప్పుడు ఎన్ని వేళ్లు సాచినానో చెప్పమ్మా."

నా చేతికి తగిలింది మెత్తటి స్టంప్ చివర, తువ్వాలు గుడ్డ. అంతకుమించి ఏమీ లేదు. తలెత్తి అతని ముఖం చూశాను. నుదురు, దవడలు, కళ్లు అన్నీ తేటగా ఉన్నాయి.

"ఐదు" అన్నాను.

"సరిగ్గా చెప్పినావు. నువ్వు సంతలో ఉండాల్సిన దానివమ్మా" అని నవ్వుతూ బండెక్కాడు, మోచేతి మడతలో మూట ఇరికించుకుని.

తర్వాత చాలా ఏళ్లు నర్సుగా చేశాను. నొప్పి అన్న మనిషితో అక్కడేమీ లేదని మళ్లీ అనలేదు. ముందు ముఖం చూసేదాన్ని, ఆ తర్వాతే కట్టు విప్పేదాన్ని.