తుంగ మీద ఇన్నయ్య చెయ్యి

ఇన్నయ్య వాళ్ళ ఊళ్ళో ఎవరికైనా ఎవరిమీదైనా బాగా కడుపు మండితే "నీ చేలో గరిక మొలవ" అని తిడతారు. అలాంటి గరికకు నీళ్ళు పెట్టి, ఎరువు చల్లి, పెళ్ళికొడుక్కి క్రాపు చేయించినట్టు నున్నగా కత్తిరించి, అందుకు నెలనెలా జీతం తీసుకునే మనిషి దాచేపల్లి చుట్టుపక్కల ఇన్నయ్య ఒక్కడే.

దాచేపల్లి అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. రాయి తవ్వుకోగా మిగిలిన గోతుల్ని పూడ్చి, ఆఫీసర్లు ఆడుకోవటానికి దాని మీద బంతి పడేసే గుంటలు ఆరున్న గోల్ఫు గ్రౌండు వేశారు. చుట్టూ వేపచెట్లు దుమ్ము కొట్టుకుపోయి ఏ రంగువో కూడా తెలియదు. గ్రౌండు మాత్రం బిలియర్డ్స్ బల్ల లాగా ఉంటుంది. అందులో గడ్డిని ఆఫీసర్లు బెర్ముడా అంటారు. పనిలో చేరిన రోజునే ఇన్నయ్య వంగి ఒక పోచ తెంచి చూసి, ఇది గరికేనని తేల్చేశాడు. మిరప చేలో దాన్ని పీకీ పీకీ నడుం పోగొట్టుకున్నవాడికి ఒకరు చెప్పాలా? కంపెనీ దాన్ని నర్సరీ నుంచి కొనుక్కొచ్చిందని తెలిసినప్పుడు మాత్రం రేటెంతో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

ఇన్నయ్య మంచివాడే. తాగడు. అబద్ధం కూడా అవసరానికి మించి ఆడడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, ఆగలేడు. మాచర్ల రైలు ఆగకముందే దిగి, ప్లాట్‌ఫారం చివరిదాకా దానితో పాటు పరిగెత్తి, అక్కడ పడతాడు. చర్చిలో ఫాదర్ ప్రార్థన ముగించకముందే ఆమెన్ అంటాడు. అతన్ని నమ్ముకుని వెనక వరసలు లేచి నిలబడి, సిగ్గుపడి మళ్ళీ కూర్చున్న ఆదివారాలున్నాయి. కాయ ఎండకముందే టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలితే, బూజు పట్టిన మిరపకాయల్ని ముట్టుకున్న వ్యాపారి లేడు. కౌలు వ్యవసాయం దాంతో సరి. ఆ తర్వాత లారీ క్లీనరుగా చేరాడు. లారీ ఇంకా వెనక్కి వస్తుండగానే "రైట్ రైట్" అన్నాడు. వెనక ఉన్నది టీ కొట్టు. ఆ పనీ పోయింది. గెస్ట్ హౌసులో వంట చేసే అతని భార్య ఫిలోమినా, కనపడ్డ ప్రతి ఆఫీసరునూ బతిమాలి ఈ మాలీ పని ఇప్పించింది. గడ్డి దగ్గర తొందరేముంటుంది, ఇక్కడైనా కుదురుగా ఉంటాడని ఆమె ఆశ.

కుదురుగానే ఉన్నాడు, తుంగ వచ్చేదాకా. గ్రౌండులో ఎగుడుదిగుళ్ళు సర్దటానికి ఎవరిదో పత్తి చేలో నల్లమట్టి తెచ్చి పోశారు. మట్టితోపాటు తుంగ కూడా లారీ ఎక్కి వచ్చింది. మూడో గుంట ముందర గరికలోంచి మెరుస్తూ పైకి లేచింది. ఇన్నయ్య పీకాడు. పీకిన చోట రెండు లేచాయి. రెండూ పీకాడు. వర్షాకాలం సగం గడిచేసరికి అది గోల్ఫు గ్రౌండో, మాగాణి గట్టో చెప్పటం కష్టమయింది.

అప్పుడే నరసరావుపేట నుంచి దేవిక అనే అమ్మాయి తోటల ఆఫీసరుగా వచ్చింది. వచ్చీ రాగానే స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, ఒక తుంగ మొక్క చుట్టూ తవ్వి, మట్టి దులిపి చూపించింది. జపమాలకు పూసలున్నట్టు వేరుకు వరసగా గడ్డలున్నాయి. పైన పీకితే అడుగున నిద్రపోయే గడ్డలన్నీ లేచి కూర్చుంటాయని చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ ఇన్నయ్య చేసింది కలుపు తీయటం కాదు, తుంగ సేద్యం.

దానికి మందు ఉందట. గరిక జోలికి పోకుండా తుంగను మాత్రమే చంపుతుందట. ఇన్నయ్య ఇది నమ్మలేదు. గడ్డి కోసే మిషను నడిపే రసూలుతో ఆ మాటే అన్నాడు.

"పక్కపక్కనే ఉన్న రెండు గడ్డుల్లో ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని వదిలేసిద్దంటరా. దానికేమన్నా కళ్ళున్నయ్యా?"

"మనకంటే చదువుకున్న మందేమోలే బాబాయ్," అన్నాడు రసూలు.

మందు సంగతి ఎలా ఉన్నా దాని పథ్యం ఇన్నయ్యకు ప్రాణసంకటమైంది. కొట్టే ముందూ తర్వాతా కొన్నాళ్ళు కొయ్యకూడదు. ఎండటానికి మూడు వారాలన్నా పడుతుంది. అందాకా ఒక్క మొక్క కూడా పీకకూడదు.

"ఆకు తాగిన మందు మెల్లగా గడ్డదాకా దిగాలి ఇన్నయ్య గారూ. ఈలోపు మీరు ఆకు పీకేస్తే మందు మీ చేతిలో ఉంటుంది, గడ్డ భూమిలో ఉంటుంది," అంది దేవిక.

ఇన్నయ్య చరిత్ర ఆమె చెవిన అప్పటికే పడింది. ఆ మూడు వారాలూ అతన్ని బస్తాలెత్తే ప్లాంటుకు పంపి, ఇక్కడ వేరేవాళ్ళని పెట్టుకుంటానంది. బస్తాల దగ్గరికి వెళ్ళిన మాలీ మళ్ళీ గడ్డి మీదికి వచ్చింది ఎప్పుడూ లేదు. సంగతి తెలిసి ఫిలోమినా చేతిలో గరిటెతోనే వచ్చేసింది. తన మొగుడు తుంగ మీద చెయ్యి పెడితే అతనితోపాటు తననూ పనిలోంచి తీసేయమంది. ఆ మాటకు దేవిక కంటే ఇన్నయ్యే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

ఆమె పూచీ మీద ఇన్నయ్యను ఉంచుకుని మందు కొట్టారు. మర్నాడు చూస్తే తుంగ పచ్చగా ఉంది. ఆ మర్నాడు ఇంకా పచ్చగా ఉన్నట్టనిపించింది. ఇన్నయ్య ఎరిగిన గడ్డి మందు పొద్దున కొడితే సాయంత్రానికి మాడాలి. నకిలీ మందులకు పంటలు పోగొట్టుకున్న ప్రాంతంలో పుట్టినవాడికి వచ్చే అనుమానమే అతనికీ వచ్చింది. అదీగాక మిరప రైతు జన్మలో ఒక్క మందు కొట్టి ఊరుకోడు. దానికి తోడు ఇంకొకటి కలపాలి, పైన ఒక టానిక్ పొయ్యాలి. ఇదేమో ఒంటరిగా వెళ్ళింది, ఏమయిందో ఏమో.

కొళాయి కట్టేసి పనిముట్ల షెడ్డుకు వెళ్ళేటప్పుడు మూడో గుంట ముందర నుంచే వెళ్ళాలి. ఒకరోజు దారిలో ఒక్కటంటే ఒక్కటి లాగి చూశాడు. పీకొద్దన్నది కలుపు తీయటానికి గానీ చూడటానికి కాదు గదా అని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. లాగినదాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఇంకోటి చూడక తప్పలేదు. నిన్నటిదానికీ ఇవాళ్టిదానికీ తేడా తెలియాలంటే రెండూ ఉండాలి మరి.

బట్టలుతికేటప్పుడు ఫిలోమినాకు జేబులో తుంగ దొరికింది.

"ఏందయ్యా ఇది?"

"నీకు తలనొప్పంటివి గదా. మందుకి పనికొచ్చిద్దని."

"నా తలనొప్పి నువ్వేనయ్యా," అంది ఫిలోమినా.

ఆ రోజు నుంచి గెస్ట్ హౌసుకు కావలసిన వెల్లుల్లిపాయలన్నీ గ్రౌండులోనే ఒలిచారు. మొగుడి చేతులు ఖాళీగా ఉండకూడదని ఆమె బుట్టలకొద్దీ పంపేది. ఆఫీసర్లకు పప్పులో, పచ్చడిలో, చివరికి ఉప్మాలో కూడా వెల్లుల్లి తగలసాగింది. అయినా కొళాయి నుంచి షెడ్డుకు నడిచేటప్పుడు బుట్ట ఒక చేతిలోనే ఉంటుంది గదా. రెండో చెయ్యి ఇన్నయ్యదే.

చెప్పిన గడువుకు తుంగ పసుపు పచ్చబడింది, ఎర్రబడింది, తల వాల్చింది, చచ్చింది. పక్కనే ఉన్న గరిక చెక్కు చెదరలేదు. మందుకు నిజంగానే కళ్ళున్నాయి. మూడో గుంట ముందరంతా కొత్త తివాచీ పరిచినట్టయింది, ఒక్క వరస తప్ప. కొళాయి దగ్గర మొదలై, కాస్త ఎడమకు వంగి, గతుకు దగ్గర ఒక అడుగు పక్కకు తప్పుకుని, సరాసరి షెడ్డు గుమ్మం దాకా లేత తుంగ నిగనిగలాడుతోంది. అది ముందు రసూలు కంట పడింది.

"బాబాయ్, నీ అడుగులు మొలిచినయ్."

ఇన్నయ్య ఆ వరస వెంట షెడ్డు దాకా వెళ్ళి చూసొచ్చాడు. మర్నాడే ఆఫీసర్ల పోటీ. పీకితే ఇంకా ఎక్కువ లేస్తాయని ఈసారి తెలుసు. రసూలును బతిమాలి మిషనుతో నున్నగా కోయించాడు. సాయంత్రానికి ఏమీ కనపడలేదు. పొద్దున వచ్చి చూస్తే, గరిక ఇంకా బద్ధకంగా పడుకునే ఉంది గానీ తుంగ మాత్రం వేలెడు పైకి లేచి, స్కూలు ప్రార్థనలో పిల్లల్లాగా వరసగా నిలబడి ఉంది.

ప్లాంటు పెద్ద రాజారత్నం గారు దేవికతో కలిసి గ్రౌండు చూడటానికి వచ్చాడు. గెస్ట్ హౌసు వంటింటి కిటికీలోంచి ఫిలోమినా చూస్తోంది. రాజారత్నం గారు గడ్డిని మెచ్చుకుంటూ నడిచి, ఆ వరస దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా?"

దేవిక వంగి ఆ వరసను కొళాయి నుంచి షెడ్డు దాకా చూసింది. తర్వాత ఇన్నయ్యను చూసింది. ఆమె నోరు తెరవబోయేలోపు, ఎప్పటిలాగే, ఇన్నయ్య ఆగలేకపోయాడు.

"అది కొట్టని సాలు సార్. తేడా తెలవటానికి వదిలిపెట్టాం."

మందుల కంపెనీల వాళ్ళు పొలాల్లో ప్రదర్శన పెట్టినప్పుడు ఒక సాలుకు మందు కొట్టకుండా వదిలేస్తారు. కొట్టినదానికీ కొట్టనిదానికీ తేడా రైతు కళ్ళారా చూడాలని. ఆ సంగతి రాజారత్నం గారికీ తెలుసు. ఆయన దేవిక వైపు తిరిగి ఎంతో సంబరపడ్డాడు. ఇంత పద్ధతిగా పని చేసేవాళ్ళు కంపెనీలో లేరన్నాడు. వచ్చే నెల హెడ్డాఫీసు నుంచి పెద్దలు వస్తారు, వాళ్ళకు చూపించేదాకా దీన్ని ఇలాగే ఉంచమన్నాడు. దేవిక సరే సార్ అంది. ఆయన వెళ్ళేదాకా ఆగి, ఆమె ఇన్నయ్య దగ్గరికి వచ్చింది.

"కొట్టని సాలు తిన్నగా ఉంటుంది ఇన్నయ్య గారూ. ఇది తూలుకుంటూ పోయింది."

ఇన్నయ్య నేల చూపులు చూశాడు. పని పోయినట్టేనా అని అడగలేక అడిగాడు.

"పోలేదు. సార్‌కి చెప్పింది మీరే కాబట్టి కాపలా కూడా మీరే. హెడ్డాఫీసు వాళ్ళు చూసి వెళ్ళేదాకా ఇందులో ఒక్క మొక్క తగ్గినా మీరూ, మీ ఆవిడా ఇద్దరూ ఇంటికే. ఆ తర్వాత మళ్ళీ మందు కొడదాం," అని దేవిక వెళ్ళిపోయింది.

ఆ నెల ఇన్నయ్య పడ్డ యాతన చెప్పటం కష్టం. గరిక మధ్యలో తుంగను సాకటమంటే, ముక్కు మీద ఈగను వాలనిచ్చి లాలి పాడటమే. మిషను వస్తే అడ్డం నిలబడ్డాడు. మేకలొస్తే వెంటపడి తరిమాడు. తుంగ బాగా తిని, బాగా పెరిగి, గోధుమ రంగు పూత కూడా పూసింది.

హెడ్డాఫీసు వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే రాజారత్నం గారు ఒక్కడే వాకింగుకు వచ్చాడు. మూడో గుంట దగ్గర నిలబడి, ఆ వరసను చాలాసేపు చూశాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకున్నాడు. పెద్ద ఆఫీసరైనా ఆయనా మనిషే. మెల్లగా వంగి, బాగా ఏపుగా ఉన్న మొక్క మొదలు పట్టుకున్నాడు.

షెడ్డు వెనక నుంచి ఇన్నయ్య పరిగెత్తుకొచ్చాడు.

"సారూ, చెయ్యి తియ్యండి."

రాజారత్నం గారు చటుక్కున చెయ్యి తీసి వెనక్కి పెట్టుకున్నాడు. ఊరికే చూస్తున్నానయ్యా అన్నాడు.

"అందరూ ఊరికే చూట్టంతోనే మొదలుపెడతారు సార్," అని ఇన్నయ్య ఆ మొక్క మొదట్లో కదిలిన మట్టిని కాలితో గట్టిగా అదిమాడు.