లేదు అనే ముందు

మొన్న వానలో మొరప్పూర్ స్టేషన్ బయట బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఆగిన లారీ నుంచి తడిసిన టార్పాలిన్ వాసన వచ్చింది. డీజిలు, పాత తాడు, ఎర్రమట్టి అన్నీ కలిసిన వాసన. డ్రైవరు దిగి టైర్లను కాలితో తన్ని చూసుకుంటున్నాడు. నేను బస్సు సంగతి మరిచి అతని మొహం కనబడేదాకా అటే చూస్తూ ఉండిపోయాను. లారీ దిగిన ప్రతి డ్రైవరు మొహాన్నీ ఒకసారి చూడటం నాకు రుక్మిణక్క దగ్గర అంటుకున్న అలవాటు.

రుక్మిణక్కకు తమిళనాడు ధర్మపురిలో సేలం రోడ్డు మీద లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది. భర్త పోయాక దాన్ని ఆమే నడిపింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఫోనులో ఎంత దూరం మనిషితో మాట్లాడితే అంత గట్టిగా అరిచేది. నేను సోగత్తూరు నుంచి సైకిలు మీద వచ్చి అక్కడ బాడుగ లెక్కలు చూసేదాన్ని. చదువు పదో తరగతితో ఆగిపోయింది గాని, లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేది. బరువు, దూరం చెబితే చాలు, కాగితం లేకుండా బాడుగ చెప్పేదాన్ని. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన రోజు డ్రైవర్లు నన్ను ఏడిపించారు, ఇంక పెట్టె చెప్తుంది, నువ్వు ఇంటికి పోయి మేకలు మేపుకోమని. అక్క వాళ్ళను కసిరి, పెట్టెకు ఎవరో ఒకరు చెప్పాలి గదా అని నన్నే దాని ముందు కూర్చోబెట్టింది. తమిళంలో ఉన్న ఒక లావుపాటి పుస్తకం కొనిచ్చింది. మా ఇద్దరి మాట తెలుగు, రాత తమిళం. ఆమెకు తెలుగు అక్షరం రాదు. మా తాత నాకు నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఆమె గురించి రాయడానికి పనికొస్తున్నాయి.

కొన్నాళ్ళకు కంప్యూటర్ తెర మీద కనబడే పేజీలు సొంతంగా రాయడం పట్టుబడింది. ఏ లారీ ఎక్కడ ఖాళీగా ఉందో తెలిపే జాబితా సేలం ఆఫీసు కంప్యూటర్లో ఉండేది. దాన్ని మా తెర మీద చూపించాలి. పేజీ మొత్తం మళ్ళీ తెరవకుండా, వెనకాల జాబితాను మాత్రం తెప్పించుకునే పద్ధతి నేను అప్పుడే కొత్తగా నేర్చుకున్నాను. పేజీ చటుక్కున తెరుచుకుంటుంది. జాబితా టెలిఫోను లైను మీద తన తీరికన తాను వస్తుంది. అది వచ్చేదాకా పేజీ ఆగదు, చేతిలో ఏముంటే అది గీసేస్తుంది. నేను దాని చేతిలో ఒక ఖాళీ జాబితా పెట్టాను. వరుసలు ఎంచి చూడు, సున్నా అయితే 'బండి లేదు' అని చూపించు అని రాశాను. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే కనబడింది.

ఒక పొద్దున పాలక్కోడు నుంచి తమాటల వ్యాపారి వచ్చాడు. తెర మీద 'బండి లేదు' చూసి, తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. గడప దాటేలోగా తెర మీద లారీలు ఒకదాని కింద ఒకటి దిగాయి. మేము కేకేస్తే వెనక్కి వచ్చి చూసి నవ్వాడు.

"మీ పెట్టె మా అత్త మాదిరి ఉందే అక్కా. వాకిట్లో మనిషి కనబడితే మొదట లేదనేస్తుంది, తర్వాత లోపలికి పోయి చూస్తుంది."

ఆఫీసులో అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

ఆమె ఎందుకు నవ్వలేదో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమెకు మునుసామి అని ఒక తమ్ముడు. తల్లి పోయాక ఆమే ఎత్తుకుని పెంచింది. లారీ నేర్పించింది, బండి చేతికిచ్చింది. ఒకసారి లోడుతో నాగపూరు వైపు పోయినవాడు సరుకు దించి, బండి తాళాలు అక్కడి ఆఫీసులో ఇచ్చి, టీ తాగి వస్తానని బయటికి నడిచాడు. అంతే. బండిని ఇంకొక డ్రైవరు తోలుకొచ్చాడు. అక్క పోలీసులకు చెప్పింది, ఆ దారిలోని ఆఫీసులన్నిటికీ ఫోన్లు చేసింది, తానే ఒకసారి పోయి వచ్చింది. చచ్చినాడని ఎవరూ చెప్పలేదు, బతికి ఉన్నాడనీ చెప్పలేదు. చుట్టాలు మాత్రం మెల్లగా 'మునుసామి ఉన్నప్పుడు' అని మాట్లాడటం మొదలుపెట్టారు.

వ్యాపారి వెళ్ళాక అక్క నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"బండ్లు ఉన్నాయా అని సేలాన్ని అడిగినామా?"

"అడిగినామక్కా."

"వాళ్ళేమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"మళ్ళ లేదని నీకెవరు చెప్పినారు?"

వచ్చింది ఏమీ లేదు కాబట్టి అది సున్నానే కదా అని వాదించాను. లెక్కలో నన్ను ఎవరూ తప్పు పట్టలేరని నాకు గట్టి నమ్మకం. ఆమె గొంతు పెంచలేదు.

"సున్నా కూడా ఒకరు ఎంచి చెప్పాల్సిందే పాపా. ఎవరూ ఎంచనిది సున్నా ఎట్లయితుంది?"

ఆ రోజు పేజీని మళ్ళీ రాశాను. మొదట దాని చేతిలో ఖాళీ జాబితా పెట్టడం మానేసి, 'ఇంకా తెలియదు' అనే గుర్తు ఒకటి పెట్టాను. ఆ గుర్తు ఉన్నంతసేపూ 'అడిగినాము, ఇంకా రాలేదు' అని చూపించాలి. జాబితా వచ్చి, అందులో ఒక్క వరుస కూడా లేకపోతేనే 'బండి లేదు' అనాలి. మరి సగం దారిలో లైను తెగితే ఏమంటావని అక్క అడిగింది. అప్పుడు దానికొక మాట, 'దారి తెగింది, మళ్ళీ అడగండి' అని. చిన్న పని. కాని అంతకుముందు నా లెక్కల్లో ఉన్నదీ లేనిదీ తప్ప మూడోది ఉండేది కాదు.

తర్వాత నేను గమనించింది ఒకటుంది. పని లేనప్పుడు కూడా అక్క ఆ పేజీ తెరిపించేది. 'అడిగినాము, ఇంకా రాలేదు' అన్న వరుస కనబడినంతసేపు తెరకేసి చూసేది. జాబితా దిగగానే మొహం తిప్పుకుని ఫోను ఎత్తుకునేది.

ఆమె కూతురు భాగ్యకు పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళి పత్రికలు తమిళంలోనే వేస్తారు. చనిపోయినవాళ్ళ పేరు ముందర 'దెయ్వత్తిరు' అని చేర్చడం ఆనవాయితీ. దేవుడి దగ్గరికి పోయినవారని దాని అర్థం. మేనమామ పేరు లేకుండా పత్రిక ఉండదు. పేర్లు నేను టైపు చేస్తుంటే అదియమాన్‌కోట్టై నుంచి వచ్చిన అక్క బావగారు, ఆమె భర్తకు అన్న, వెనక నిలబడి చదివాడు. మునుసామి పేరు ముందర ఆ మాట మరిచిపోయినావు అన్నాడు. నేను అక్క వైపు చూశాను.

"మీ తమ్ముణ్ణి నేను నా చేతులతోనే సాగనంపినాను బావా. ఆయన పేరు ముందర రాయమని నేనే చెప్పినాను," అంది అక్క. "వీని సంగతి ఎవరు చెప్పినారు?"

"ఇన్నేండ్లు రానోడు ఇంకేమి వస్తాడు రుక్మిణీ? పెళ్ళిపత్రిక ఇది. ఊరు నవ్వుతుంది."

"వస్తాడని నేనన్లేదు. రాలేదంటా ఉన్నాను. అంతే."

ఆయన కోపంతో కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. పత్రిక అక్క చెప్పినట్టే అచ్చయింది. పెళ్ళిలో మేనమామ చేయాల్సినవన్నీ అక్క పినతండ్రి కొడుకు చేశాడు. చేసిన ప్రతిసారీ అక్క అతని చేత 'మునుసామికి బదులు' అని పైకి అనిపించింది. మంటపం బయట రోడ్డు మీద లారీ హారను మోగినప్పుడల్లా ఆమె అక్షింతలు పట్టుకున్న చెయ్యి గాలిలో కాసేపు ఆగడం నేను చూశాను.

ఆఫీసు తర్వాత మూతబడింది. నేను వేరేచోట్ల పని చేశాను. లైన్లు వేగమయ్యాయి, పద్ధతులు మారాయి, జాబితా వచ్చేలోగా చూపించే మాట చదివేంత సమయం కూడా ఇప్పుడు ఎవరికీ దొరకదు. అయినా నేను రాసే ప్రతి పేజీలో ఆ మూడు మాటలూ వేరువేరుగానే ఉంటాయి.

నిరుడు అక్క పోయింది. కబురు అందగానే వెళ్ళాను. చేతులు ముట్టుకుని చూశాను, చల్లగా ఉన్నాయి. వీధిలో కట్టే సంతాపపు బ్యానరుకు పేర్లు టైపు చేసే పని మళ్ళీ నాకే వచ్చింది. అక్క పేరు ముందర 'దెయ్వత్తిరు' అని వేయడానికి నాకు చాలాసేపు పట్టింది. కింద చుట్టాల పేర్ల దగ్గరికి వచ్చాక భాగ్య నా భుజం మీద చెయ్యి వేసింది.

"పిన్నీ, మామ పేరు ముందర ఏమి వేసేది?"

"మీ అమ్మ ఏమి వేసింది?"

"ఏమీ వేయలేదే."

"నేనూ అట్లే వేస్తాను."

ఇప్పుడు ఎవరైనా రుక్మిణక్క ఉందా అని అడిగితే, లేదు అంటాను. చూసి వచ్చినదాన్ని, ఇంకో మాట చెప్పడానికి లేదు. మునుసామి గురించి అడిగితే మాత్రం ఇంకా రాలేదనే చెబుతాను. కాకపోతే ఆమె ఉన్నన్నాళ్ళూ వాని కోసం అడిగే మనిషి ఒకరు ఉండేవారు. ఇప్పుడు దారిలో కనబడిన డ్రైవర్లను నేనే అడుగుతున్నాను.