మేడ మీది టాంజానియా పిల్ల

శంషాబాద్ అవతల మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. చలికాలం పొద్దున్నే ఆ గది ముందు నిలబడితే పొగమంచులో విమానాలు కనిపించవు. మోత మాత్రం తల మీదుగా మెల్లగా సాగిపోతుంది. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఆ మోత వింటూ, దూరంగా ఒకదాని మీద ఒకటి నిలిచిన బండరాళ్ళను చూస్తూ నిలబడడం ఆ అమ్మాయికి ఇష్టం. టాంజానియా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చి మా దగ్గర కిరాయికి ఉండేది. వాళ్ళ ఊళ్ళో పెద్ద సరస్సు ఉందట. అచ్చం ఇట్లాంటి రాళ్ళే అక్కడ నీళ్ళలో నిలబడి ఉంటాయట. వచ్చిన కొత్తలో ఆ సంగతి నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ తర్వాత మంచు పట్టిన రోజుల్లో ఆ రాళ్ళ కింద నాకూ నీళ్ళు ఉన్నట్టే అనిపించేది.

నేను బడిలో తెలుగు చెప్పే టీచర్ని. అయినా ఆమెకు తెలుగు నేర్పింది మా అత్తమ్మే. సాయంత్రాలు ఇద్దరూ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలిచేవారు. అత్తమ్మ ఒక మాట అంటే ఆమె తన భాషలో ఇంకో మాట చెప్పేది. కితాబును వాళ్ళూ కితాబు అనే అంటారు. దునియా దునియానే, చాయ్ చాయే. అత్తమ్మకు అదొక పెద్ద వింత.

"సముద్రం దాటినా మన మాటలే ఉన్నయంటే, ఇగ నువ్వు పరాయిదానివి ఎట్లయితవ్ బిడ్డా?" అనేది.

ఆమె అత్తమ్మను 'బీబీ' అని పిలిచేది. "బీబీ ఏంది, నేనేమన్న నవాబు ఇంటిదాన్నా?" అని అత్తమ్మ నవ్వితే, తమ భాషలో నాయనమ్మను అట్లాగే పిలుస్తారని చెప్పింది. ఆ రోజు నుంచి అత్తమ్మ ఆ పిలుపుకు ఠక్కున పలికేది.

ఆమె చదివే చిన్న కాలేజీ కోర్సు నడిమధ్యలోనే మూతపడింది. ఇంకో కాలేజీలో చేరేలోగా వీసా గడువు తీరిపోయింది. పొడిగింపు కోసం చాలా తిరిగింది. ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసుకు పంపేవారు. కొన్నేళ్ళ కిందట అయితే మా దిక్కు ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ మధ్య తనిఖీలు పెరిగాయి. కిరాయికి ఎవరిని పెట్టుకున్నారని ఇంటింటికీ వచ్చి అడుగుతున్నారు. మా వీధి చివర ఉండే ఇద్దరు విదేశీ విద్యార్థులు, ఎవరూ పొమ్మనకముందే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు మా వాకిట్లో కూర్చుని ఉన్నారు. అత్తమ్మ వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చింది, ఎందుకు వచ్చారో తెలియకుండానే. ఆ అమ్మాయి చిన్న సంచీతో మెట్లు దిగి వచ్చింది. ఏడవలేదు. చెప్పులు వేసుకుంటూ, "గది కిటికీ మూసిన అక్కా, వానొస్తే తడవది," అంది.

ఆమెను ఉంచిన చోటు ఊరి అవతల ఒక పాత మేడ. జైలు కాదన్నారు. గేటుకు తాళం మాత్రం ఉంది. ఆదివారం అత్తమ్మ సర్వపిండి చేసుకుని నాతో వచ్చింది. ఆమె మా ఎదుట కూర్చుంది గానీ ఇంకా నిద్రలోంచి పూర్తిగా లేచినట్టు లేదు.

"ఈడ పనేం లేదు బీబీ. పొద్దంత పండుకుంటున్న. కలల మా ఊరొస్తది. కండ్లు తెరిస్తే మీ ఇల్లనుకుంట. రెండూ కాదు," అంది.

అక్కడి అధికారి నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "టీచర్ గారూ, తనంతట తాను వెళ్తానంటే దేశం విడిచి వెళ్ళడానికి పర్మిట్ ఇప్పిస్తామండి. లేదంటే పంపించే ఆర్డరు వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. అదెప్పుడొస్తుందో నేను చెప్పలేను."

ఆ మాటే ఆమెకు చెప్పాను. "జర ఆగు బిడ్డా, ఏదో ఒకటి చూద్దం," అని అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది.

"ఆగితే వాళ్ళు పంపుతరు బీబీ. ఇప్పుడైతే నేనే పోత."

పర్మిట్ వచ్చిన రోజు పొద్దున మంచు దట్టంగా ఉంది. ఆమె పెట్టెను మేమే సర్ది ఎయిర్‌పోర్టుకు తీసుకువెళ్ళాం. నేను వద్దంటున్నా అత్తమ్మ అందులో మామిడికాయ తొక్కు సీసా దూర్చింది. ఆమెను వ్యాన్‌లో తీసుకొచ్చిన కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చిన ఇద్దరిలో ఒకామె. అత్తమ్మ ఆమెనే అడిగింది.

"ఈ పిల్ల ఏం తప్పు చేసిందమ్మా?"

"తప్పేం లేదు పెద్దమ్మా. టైం అయిపోయింది, గంతే."

లోపలికి వెళ్ళే ముందు ఆ అమ్మాయి అత్తమ్మ ఎదుట వంగి, "షికమో," అంది. 'మీ కాళ్ళు పట్టుకుంటున్నా' అని దానికి అర్థం. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళను పలకరించే తీరు అది. అత్తమ్మ తనకు నేర్పిన జవాబు మర్చిపోలేదు. "మరహబా," అని ఆమె తల నిమిరింది. అద్దాల తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బయటి మంచు కనబడే ఆ అద్దంలో కాసేపటికి మేమిద్దరమే కనిపించాం.

తిరిగి వస్తుంటే అత్తమ్మ కారు కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఎయిర్‌పోర్టు కట్టకముందు అక్కడ ఆమె పుట్టింటి జొన్నచేను ఉండేది. ఆ దిక్కే చూస్తూ, "మనకు గూడ టైం పెట్టి ఉంటరా, ఈడ ఉండనీకి?" అని అడిగింది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఆ అమ్మాయి వీడియో కాల్ చేసింది. వాళ్ళ దగ్గరే మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరిందట.

"వాపస్ పంపిన్రని ఇంటికాడ చెప్పినవా?" అత్తమ్మ సూటిగానే అడిగింది.

"లేదు బీబీ. వచ్చిన అని చెప్పిన."

"మంచిగ చెప్పినవ్. నీ అంతట నువ్వే పోయినవ్ గద."

అప్పుడు వాళ్ళమ్మ ఫోన్లోకి వచ్చింది. తలకు పసుపుపచ్చ గుడ్డ కట్టుకున్న బొద్దుగా ఉండే మనిషి. ఒకరి భాష ఒకరికి రాక, అత్తమ్మా ఆమే ఒకరినొకరు చూసుకుంటూ నవ్వారు. చివరికి అత్తమ్మే నోరు తెరిచింది.

"మీ పిల్ల బక్కచిక్కింది. జర మంచిగ తినవెట్టు."

ఆ అమ్మాయి పక్కనుంచి ఆ మాట తన భాషలో చెప్పింది. వాళ్ళమ్మ కూతురి జబ్బ పట్టి చూసి, అవునన్నట్టు తలూపింది.