దేవుడి డబ్బాలో దుద్దులు

ముందే చెబుతున్నా, నవ్వొద్దు. నవ్వితే మిగతాది చెప్పను. నా కెంపుల దుద్దులు దొరికాయి! ఇదిగో, చెవులకే ఉన్నాయి, చూడండి. ఎల్లుండి మా అత్తగారు బండి దిగుతున్నారు. అమ్మయ్య! కానీ అవి దొరికేలోపల నేను చేసిన నిర్వాకం ఉంది చూశారూ... సరే, టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

పోయిన నెల ఖరగ్‌పూర్‌లో మా ఆడపడుచుకి ఆపరేషన్ అంటే నేనూ మావారూ ఉన్నపళంగా బయల్దేరాం కదా. అప్పటికే మన ఊళ్ళోనే గుఢియారీ వైపు రెండు రైల్వే క్వార్టర్లలో దొంగలు పడ్డారు. ఈ దుద్దులేమో మా పెళ్ళిలో అత్తగారు తన చెవులవి తీసి నాకు పెట్టినవి. ఆవిడ ఎప్పుడొచ్చినా గుమ్మంలో నా మొహం చూడరు, ముందు చెవులు చూస్తారు. వాటిని ఆస్పత్రికి పెట్టుకెళ్ళలేను, ట్రంకుపెట్టెలో వదల్లేను. బియ్యం డ్రమ్ములో దాద్దామంటే ఆ చోటు దొంగలకి మనకంటే బాగా తెలుసు.

అప్పుడు తట్టింది! పిడికెడు బియ్యం డబ్బా! మీరు మా చర్చికి రారు గనక చెప్పాలి. మా ఆడవాళ్ళం ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు తీసి దేవుడికని వేరే డబ్బాలో వేస్తాం. నిండాక చర్చికి ఇచ్చేస్తాం. దేవుడి డబ్బాలో ఏ దొంగ చెయ్యి పెడతాడు చెప్పండి? దుద్దులు కాగితంలో చిన్న పొట్లం కట్టి, డబ్బా అడుగుకి తోసేశాను. ఎంత తెలివే సుగుణా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

తిరిగొచ్చాక? అంతే, మర్చిపోయాను. శుభ్రంగా మర్చిపోయాను.

అత్తగారు వస్తున్నారని కబురు రాగానే దుద్దులు గుర్తొచ్చాయి. ఎక్కడ పెట్టానో మాత్రం గుర్తు రాలేదు! ట్రంకు తిరగేశాను. పోపుల డబ్బా బోర్లించాను. పరుపులు దులిపాను, మావారు రైలు డ్యూటీకి తీసుకెళ్ళే గార్డు పెట్టె కూడా వెతికాను. ఆయనకి చెప్పలేదు. చెబితే వాళ్ళమ్మ దగ్గర నిమిషం దాచలేరు. ఈ వెతుకులాటలో పడి పొద్దున, సాయంత్రం ఇంట్లో చేసుకునే కుటుంబ ప్రార్థన కూడా అటకెక్కింది. ఆయన డ్యూటీలో, నేను మంచాల కింద! తమాషా ఏంటంటే, రోజూ ఆ డబ్బాలో పిడికెడు బియ్యం వేస్తూనే, 'ప్రభువా, దుద్దులు ఎక్కడున్నాయో చూపించు' అని అడిగేదాన్ని.

ఇక అనుమానం ఎవరి మీదికి పోతుంది? మేం ఊళ్ళో లేనప్పుడు మొక్కలకి నీళ్ళు పోయడానికి తాళంచెవి మా పనిమనిషి దులారీకి ఇచ్చాను. ఏళ్ళ తరబడి మా ఇంట్లో చేస్తోంది పాపం, ఒక్క చెంచా పోలేదు. అయినా పాడు బుర్ర! దులారీయే తీసిందని తీర్మానించేసింది.

కానీ నేను విశ్వాసిని కదా. అరుస్తానా, పోలీసులంటానా? క్షమించేశాను! అదీ మామూలుగానా! ఉత్త టీ ఇచ్చే చోట బిస్కెట్లు పెట్టాను. నా నీలం చీర తీసి ఇచ్చాను. ఇస్తూ దాని కళ్ళల్లోకి చూసి, "దులారీ, దేవుడు అన్నీ చూస్తాడు. నేను మాత్రం నిన్ను క్షమించేశాను" అన్నాను. అది చీరని, నన్ను మార్చి మార్చి చూసి, "కా హోగే దీదీ?" అంది, ఏమైంది మీకు అని. చూడు ఎలా నటిస్తోందో అనుకున్నాను.

శుక్రవారం స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను. పేరెత్తలేదు లెండి. "నాకు నష్టం చేసినవారిని మనసారా క్షమించే కృప ప్రభువు నాకిచ్చాడు" అంటుంటే నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని "నీ మనసు అందరికీ రావాలమ్మా" అన్నారు. ఆదివారం ప్రేమవిందుకి బియ్యం కావాలంటే, నేను కూటానికి వస్తూ దులారీకే చెప్పొచ్చాను, ఆ డబ్బాలో బియ్యం సంచిలో పోసి పాస్టరుగారింట్లో ఇచ్చిరమ్మని.

ఆ సాయంత్రం దులారీ వచ్చి, "దీదీ, ఏక్ ఠన్ గోఠ్ హే," అంది. ఒక మాట చెప్పాలట. ఒప్పుకోడానికొచ్చింది పిచ్చిది అనుకుని చెయ్యెత్తి ఆపేశాను. "ఏమీ చెప్పొద్దు. అంతా తెలుసు. క్షమించేశాను." శనివారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ క్షమించాను.

ఆదివారం. ఆరాధన అయిపోవస్తోంది. వెనక షెడ్డులో ప్రేమవిందుకి అన్నం ఉడుకుతోంది, వాసన లోపలిదాకా వస్తోంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన చేస్తూ, "ప్రభువా, ఈ తల్లులు తమ డబ్బాల్లో ఏమేం వేశారో నీకు తెలుసు" అన్నారు.

అంతే! నాకూ తెలిసిపోయింది! పొట్లం! డబ్బా అడుగున! బియ్యం కడిగేటప్పుడు కాగితం నానిపోయి ఉంటుంది, దుద్దులు అన్నంలో కలిసిపోయి ఉంటాయి! ఆమేన్ దాకా ఆగకుండా షెడ్డులోకి పరుగు. అప్పటికే గంజి వార్చేశారు. వడ్డించేవాళ్ళ చేతిలో గరిటె లాక్కుని, "జరగండి, నేనే వడ్డిస్తా!" అన్నాను.

ఒక్కో గరిటె కంటి దగ్గర పెట్టుకుని చూడ్డం, గింజ గింజ విడదీయడం, విస్తట్లో వెయ్యడం. వరుస కదలదు. జనం ఆకలితో నకనకలాడిపోతున్నారు. "ఏంటమ్మా, అన్నానికి పరీక్షా?" అంటారొకరు. నేనేమో, "బాగా నమలండి! గబుక్కున మింగొద్దు!" అని కేకలు. దుద్దు ఎవరి గొంతులోనైనా అడ్డం పడితే? పాస్టరమ్మగారు పక్కనున్నావిడతో, "చూశావా, కన్నతల్లిలా తినిపిస్తోంది" అంటున్నారు.

ఇంతలో కట్టుడుపళ్ళ యోహాను తాతగారి నోట్లో టక్కుమంది. "తాతగారూ, మింగకండి! ఉమ్మేయండి!" అని నా అరచెయ్యి చాపాను. ఆయన బెదిరిపోయి ఉమ్మేశారు. కూరలో లవంగం మొగ్గ!

విందు అయిపోయింది. దేగిసాలు ఖాళీ. దుద్దులు లేవు. వరసలో ఎవరి కడుపులో ఉన్నాయో! ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి భోరుమన్నాను. అత్తగారికి ఏం చెప్పను? మీ దుద్దులు సంఘం తినేసిందండీ అని చెప్పనా?

అప్పుడే అంట్లు తోమడానికి దులారీ వచ్చింది. నన్ను చూసి తోముడు పీచు అక్కడ పడేసి, "ఈసారి నోరు తెరిచారో చూడండి! నేను చెప్పేది వినండి!" అని గదిమింది. దాని మాటలు మీకు తెలుగులో చెబుతున్నా. "శుక్రవారం బియ్యం సంచిలో పోసేముందు ఏరాను. మీ భగవాన్‌కి రాళ్ళు పెడతారా ఎవరైనా? అందులో చిన్న పుడియా దొరికింది. చెబుదామంటే చెప్పనిస్తారా? ఒకటే క్షమించడం! దీదీకి మతి పోయిందని క్వార్టర్ల లైనంతా అనుకుంటోంది."

"ఆ పొట్లం ఏదే?" అన్నాను.

చరచరా ముందు గదిలోకి వెళ్ళింది. స్టూలు మీద మా కుటుంబ ప్రార్థనకి చదువుకునే పెద్దక్షరాల బైబిల్ ఉంటుంది, చర్చికి తీసుకెళ్ళే చిన్నది కాదు. దాన్ని ఎత్తింది. కింద, నా పొట్లం! "రెండు పూటలా తీస్తారుగా, ఇక్కడైతే వెంటనే కనబడుతుందని పెట్టాను," అంది. బైబిల్ అట్ట మీద మన ఊరి ఫ్యాక్టరీల నల్లదుమ్ము పేరుకుంది. దులారీ కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

దుద్దులు పెట్టుకున్నాను, ఏడ్చాను, నవ్వాను. దులారీకి టీ ఇచ్చి, ఈసారి నేను కూడా దాని పక్కనే నేలమీద కూర్చున్నాను.

"దులారీ, నువ్వే నన్ను క్షమించాలే," అన్నాను.

"దేనికి దీదీ?"

నోటిదాకా వచ్చింది. మళ్ళీ మింగేశాను. "అదే... గుర్తు రావడం లేదే" అన్నాను.

"మీకేది గుర్తుంటుంది గనక!" అని గ్లాసు పట్టుకుని లేచింది. "పోనీండి, మీకు గుర్తొచ్చేలోపల క్షమించేశాను."